మూడుసార్లు కేక వెయ్యాలి

క్వార్టర్లు, రెండో వరస, చివరి గది
జూన్ 6

అక్కా,

నమస్కారం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా, లేక మందు సీసాను అలంకారానికి కిటికీలో పెట్టుకుని కూర్చున్నారా?

ఒక మంచి కబురు. పదకొండేళ్లు ప్యాకింగు బల్ల దగ్గర అట్టపెట్టెలకు టేపు అంటించిన మీ తమ్ముడు ఇప్పుడు మిషన్ ఆపరేటర్. నవ్వకు. అట్టల మిషన్ అంటే చిన్నదేం కాదు, రెండు బస్సులు వరసగా ఆపినంత పొడుగు. ఈ చివర బటన్ల దగ్గర నేనుంటాను. ఆ చివర రోలర్ల దగ్గర ‘రేడియో’ అన్న ఉంటాడు. మధ్యలో కాగితం చుట్టలు నిలువెత్తున ఉంటాయి కాబట్టి ఒకరికొకరం కనపడం. కాగితం ఇరుక్కుంటే నేను మిషన్ ఆపుతాను, ఆయన రోలర్ల మధ్య చెయ్యి పెట్టి ముక్కలు లాగేస్తాడు, మళ్లీ నేను పచ్చ బటన్ నొక్కుతాను. ఇదీ ఉద్యోగం.

ఆయన్ని రేడియో అని ఎందుకంటారో చెప్పక్కర్లేదు. పొద్దున గేటు దగ్గర అందుకుంటే సాయంత్రం గేటు దాకా ఆపడు. కానీ అక్కా, ఇన్నేళ్లలో నా మాటను మధ్యలో అందుకుని పూర్తిచెయ్యనిది ఆయనొక్కడే. నేను ఎక్కడైనా ఆగిపోతే ఆ మహానుభావుడు కూడా ఆగి, నా మాట వచ్చేదాకా చూస్తాడు. వచ్చాక మళ్లీ తన గోల మొదలు.

నీతో ఒక పని పడింది. ‘స్టార్ట్’ అనే మాట ఉందిగా, దానికి బదులుగా ఇంగ్లీషులో ఇంకా ఏమేం మాటలున్నాయో, ఏది ఎక్కడ వాడతారో రాసి పంపు. ఊరికే, తెలుసుకుందామని.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నా సంగతి నీకు తెలియంది కాదు. నేను ‘హలో’ అనేలోపు అవతలివాళ్లు విసిగి పెట్టేస్తారు. కాగితం మీద నాకు నత్తి లేదు.

నీ
చిన్నోడు


బడి వెనక వీధి
జూన్ 15

ఒరేయ్ చిన్నోడా,

ఆపరేటర్ గారికి ఆశీస్సులు. ముప్పై ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పాను, ఒక్క వెధవైనా ‘టీచర్, ఈ మాటకు ఇంకో మాట చెప్పండి’ అని తనంతట తాను అడిగిన పాపాన పోలేదు. రిటైరయ్యాక దొరికావు శిష్యుడివి.

స్టార్ట్‌కి తోబుట్టువు బిగిన్. పాఠం బిగిన్ అవుతుంది, సంవత్సరం బిగిన్ అవుతుంది. అలాగని అన్నిచోట్లా ఒకదానికి ఒకటి సరిపోతుందనుకోకు. ఇంజన్‌ని ఎవరూ బిగిన్ చెయ్యరు, స్టార్టే చేస్తారు. కమెన్స్ అనేది ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాట. కోర్టు నోటీసుల్లో, పరీక్షల టైంటేబుల్లో తప్ప బయట తిరగదు. ఇంట్లో ఎవరైనా ‘భోజనం కమెన్స్ చేద్దామా’ అన్నారనుకో, జ్వరం వచ్చిందేమో చూడాలి. పడవను నీళ్లలోకి తోసినా, కొత్త సబ్బును బజార్లోకి తోసినా లాంచ్. ప్రయాణానికి సెట్ ఆఫ్. కొట్టు పెడితే సెట్ అప్. మీ బావగారు రిటైరయ్యాక వేణువు పట్టారు చూడు, అది టేక్ అప్. ఆయన వేణువుకీ నా తలనొప్పికీ ముహూర్తం ఒకటే. బంతాటకు కిక్ ఆఫ్. ఈమధ్య ఆఫీసు మీటింగులకూ అదే అంటున్నారట, ఎవరు ఎవర్ని తంతారో మరి.

చెడిపోయిందాన్ని మళ్లీ మొదట్నించి ఎత్తుకుంటే స్టార్ట్ ఓవర్. ఇద్దరు కొట్టుకుంటే, ‘ముందు ఎవరు మొదలెట్టారు?’ అని అడగాలంటే మాత్రం ఇంగ్లీషువాడికి కూడా స్టార్టే గతి. అక్కడ ఇంకే మాటా అతకదు.

మనకు మాత్రం తక్కువా? మొదలుపెట్టడం, ఆరంభించడం, పూనుకోవడం, శ్రీకారం చుట్టడం. చివరిదాకా నిలబడకపోతే ఆరంభశూరత్వం. మీ రేడియోలాంటి వాళ్లు నోరు తెరిస్తే ‘మొదలెట్టాడ్రా బాబూ!’

అదలా ఉంచు. ‘ఊరికే తెలుసుకుందామని’ అన్నావు. నువ్వు ఊరికే ఏదీ తెలుసుకునే రకం కాదు. అసలు సంగతేమిటి?

అక్క


రెండో వరస, చివరి గది
జూన్ 28

అక్కా,

నీ దగ్గర దాచడం నావల్ల కాదు, సరే విను.

ఇక్కడ నాలుగైదు భాషలవాళ్లం పనిచేస్తాం. అందరికీ తెలిసిన మాట ఒక్కటే, స్టార్ట్. అందుకని మిషన్ నెత్తిన ఎర్ర అక్షరాలతో బోర్డు: ‘పచ్చ బటన్ నొక్కే ముందు స్టార్ట్ అని మూడుసార్లు కేక వెయ్యాలి’. కేక వేసి మూడు లెక్కపెట్టాలి. అవతలివాడి చెయ్యి లోపలుంటే ‘ఆగు’ అని అరుస్తాడు. అరవకపోతే నొక్కాలి. గంట పెట్టిస్తామని ఏడేళ్ల నుంచి అంటున్నారట. గంట రాలేదు, నేనొచ్చాను.

ఆ ‘స’ దగ్గర నాకేమవుతుందో నీకు తెలుసు. గొంతుకు ఎవరో గడియ పెట్టినట్టుంటుంది. రోజుకు పాతికసార్లు కాగితం ఇరుక్కుంటుంది. పాతికసార్లు నేను నోరు తెరుచుకుని ‘స్స్స్’ అంటుంటే ప్యాకింగు బల్లవాళ్లు టేపు వదిలేసి, ‘టైరు పంక్చరైందిరోయ్!’ అని అరుస్తారు. పదకొండేళ్లు నా పక్కన కూర్చున్నవాళ్లే.

బదులు మాటలు వెతుక్కోవడం నాకు కొత్త కాదు. బస్సులో మా స్టాపు పేరు చెప్పలేక ఎప్పుడూ దాని తర్వాతి స్టాపుకి టిక్కెట్టు తీసుకుంటాను. అది నోటికి తేలిక. అక్కడ దిగి వెనక్కి నడుస్తాను. ఎవరైనా అడిగితే నడక ఒంటికి మంచిదంటాను. నా బతుకంతా ఇలా పక్క మాటల మీదే నడిచిపోయింది.

నీ ఉత్తరం చూసి ‘బిగిన్’ పట్టుకున్నాను. గదిలో తలుపేసుకుని చెబితే గడగడా వచ్చింది. నాలుగు రోజులు హాయిగా ‘బిగిన్! బిగిన్! బిగిన్!’ అని అరిచాను. ప్యాకింగువాళ్లు ‘బిగిన్ దొరగారు’ అన్నారు, పోనీలే అనుకున్నాను. ఐదో రోజు సూపర్‌వైజర్ వచ్చి, ‘బోర్డు మీద ఏముంది? నువ్వేమంటున్నావు? ఆ మాట సగంమందికి అర్థం కాదు. రేపేదైనా జరిగితే ఎవడిది బాధ్యత?’ అన్నాడు. ఆయన అన్నదీ తప్పు కాదు.

రేడియో అన్నే దారి చూపించాడు. ‘నీకెందుకయ్యా ఈ అరుపులు? స్పానర్‌తో స్టాండు మీద మూడు దెబ్బలు కొట్టు. ఇనుము కదా, ఆ అదురు నా చివర కాళ్లకే తెలుస్తుంది. మనిద్దరి మధ్యే ఉంటుందిలే’ అన్నాడు. ఇప్పుడలాగే నడుస్తోంది. సూపర్‌వైజర్ అటు రాగానే పెదాలు కదుపుతాను, ఆయనకు కనపడకుండా స్పానర్‌తో కొడతాను.

ఎవరికీ చెప్పకు.

చిన్నోడు


బడి వెనక వీధి
జులై 9

చిన్నోడా,

బావుంది నాయనా స్పానర్ బాగోతం! ఇద్దరూ కలిసి రూలుకి టోపీ పెట్టామని మురిసిపోతున్నారేమో. వెంటనే ఒక అర్జీ రాసి, నాకు నత్తి ఉంది, గంట పెట్టించండి అని అడుగు. ఇంగ్లీషులో కావాలంటే నేను రాసిస్తాను. నత్తి ఉండటం నేరం కాదు.

అంతవరకూ ఆ మాటను కేకలా కాక పాటలా సాగదీసి చూడు. కొందరికి అలా వస్తుందని చదివాను.

నీ చిన్నప్పుడు

పైన ఏదో రాయబోయి కొట్టేశాను, పట్టించుకోకు. పెన్ను సరిగ్గా లేదు. అర్జీ మాత్రం మర్చిపోకు.

అక్క


రెండో వరస, చివరి గది
ఆగస్టు 19

అక్కకు,

ఫ్యాక్టరీలో చిన్న ప్రమాదం జరిగింది. రేడియో అన్న కుడిచేతి చివరి రెండు వేళ్లు రోలర్లలో నలిగాయి. ఆస్పత్రిలో తీసేశారు. నాకేమీ కాలేదు.

ఆఫీసులో వాంగ్మూలం ఇంగ్లీషులో ఇవ్వమన్నారు. కింద రాసినదాన్ని మంచి ఇంగ్లీషులోకి మార్చి వెంటనే పంపు.

‘కాగితం ఇరుక్కోవడంతో మిషన్ ఆపాను. కొంతసేపటి తర్వాత నియమం ప్రకారం స్టార్ట్ అని మూడుసార్లు గట్టిగా కేక వేశాను. మూడు లెక్కపెట్టాను. అవతలినుంచి ఆగమని ఎవరూ అనలేదు. అప్పుడు బటన్ నొక్కాను.’

ఇంతే. ఎక్కువ తక్కువలు చెయ్యవద్దు.

తమ్ముడు


బడి వెనక వీధి
ఆగస్టు 23

చిన్నోడా,

నువ్వు అడిగిన కాగితం దీనితో పెట్టాను. రాసింది రాసినట్టే మార్చాను.

ఆయనకు నొప్పి తగ్గిందా? కుడిచెయ్యేనా? ఇంట్లో ఎవరున్నారు?

నువ్వు వేళకు తింటున్నావా?

అక్క


రెండో వరస, చివరి గది
సెప్టెంబరు 14

అక్కా,

నీ ఇంగ్లీషు చూసి మేనేజరు మెచ్చుకున్నాడు. ‘ఎవరు రాసిచ్చారయ్యా, వంక పెట్టడానికి లేదు’ అన్నాడు. నీకు చెప్పాలి కదా అని చెబుతున్నాను.

ఇక్కడ ఎండలు తగ్గాయి. ఎదురింటివాళ్లు గోడకు రంగు వేయిస్తున్నారు. నన్ను మళ్లీ ప్యాకింగు బల్లకే పంపారు. ఇప్పుడు నన్ను చూసి ఎవరూ పంక్చరు జోకులు వెయ్యడం లేదు. కుర్చీ లాగి మరీ కూర్చోబెడుతున్నారు. భయపడి ఉంటాడు పాపం అంటున్నారు.

రేడియో అన్న చెవులు పరీక్ష చేయించారు. ఎడమ చెవి కొంచెం మందమట. వయసుకి మామూలేనని, కేక వినపడనంత కాదని డాక్టరే రాశాడట. ఆఫీసువాళ్లు ‘మందం’ అన్న ఒక్క ముక్క పట్టుకున్నారు. చెవుడు దాచిపెట్టి మిషన్ మీద పనిచేశాడని, తప్పు ఆయనదేనని తేల్చేలా ఉన్నారు. తేలిందంటే ఉద్యోగం పోతుంది, నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆఖరి విచారణ వచ్చే నెల ఇరవయ్యో తారీకున.

నిన్న ఆయన మా గదికి వచ్చాడు. చేతికి కట్టుంది. నా మంచం మీద కూర్చుని ఏమన్నాడో తెలుసా? ‘తమ్ముడూ, ఏమీ అనుకోకు. నా చెవి వల్ల నీకు మాటొచ్చింది. ఆ రోజు ఫ్యాక్టరీ చూడ్డానికి పెద్దవాళ్లొచ్చారని నువ్వు స్పానర్ వదిలేసి కేకే వేసుంటావు. నేనేమో స్పానర్ దెబ్బల కోసమే కాసుకుని ఉన్నాను. కేక నా చెవికెక్కలేదు. స్పానర్ సంగతి ఎవరికీ చెప్పలేదులే, నీ ఉద్యోగానికి ముప్పు’ అన్నాడు. వాళ్లావిడ ఇంట్లో వెనకనుంచి పళ్లెం కింద పడేసి ‘వినపడిందా?’ అని పరీక్షలు పెడుతోందట. ‘ప్రతిసారీ వినపడుతోందయ్యా, ఆ ఒక్కసారి ఎందుకు వినపడలేదో’ అని చెవి రుద్దుకున్నాడు.

నేను టీ పెట్టి ఇచ్చాను. ఎడమ చేత్తో తాగాడు.

అక్కా, నాకు ఇంక ఇంగ్లీషు మాటలు పంపకు.

చిన్నోడు


బడి వెనక వీధి
సెప్టెంబరు 22

చిన్నోడా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. ఈసారి చింపను.

జులైలో కొట్టేసిన లైను గురించి చెబుతాను. నీకు పదేళ్లు. నేను ఆ బళ్లో కొత్త టీచర్ని, ఇరవై మూడేళ్లదాన్ని. తమ్ముణ్ని వెనకేసుకొస్తున్నానని ఎక్కడ అనుకుంటారో అని మిగతా పిల్లల కంటే నిన్నే ఎక్కువ నిలబెట్టేదాన్ని. ఆ రోజు పాఠంలో మొదటి వాక్యం ‘లెట్ అస్ స్టార్ట్’. చదవమన్నాను. నువ్వు ‘లెట్ అస్’ అని ఆగిపోయావు. చెప్పేదాకా కూర్చోనివ్వనన్నాను. బెల్లు కొట్టేదాకా నిలబడ్డావు. మెడ నరాలు ఉబ్బి, ముఖం కందిపోయి, నోరు తెరుచుకుని. చివరికి నిక్కరు తడిసింది. క్లాసంతా నవ్వింది.

నేనూ నవ్వాను రా. అందరూ నవ్వుతున్నారని నవ్వాను. నువ్వు పిల్లల వైపు చూడలేదు, నా వైపే చూశావు. ఇంటికొచ్చాక అమ్మతో ‘బళ్లో కూజా ఒలికింది’ అని చెప్పింది కూడా నేనే. ఏడాది తిరక్కుండా నువ్వు బడి మానేశావు. ‘వాడికి చదువు అబ్బలేదు’ అని చుట్టాలందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ముప్పై ఆరేళ్లు దాటింది. ఒక్కసారైనా నువ్వు ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే ఏ పాపమో తీరేది.

ఇప్పుడు అసలు సంగతి. నీ వాంగ్మూలం ఇంగ్లీషులో పెడుతూ ‘స్టార్ట్ అని మూడుసార్లు గట్టిగా కేక వేశాను’ అన్నచోట నా చెయ్యి ఆగింది. ఆ మాట నీ నోట ఒక్కసారి రావడానికే ఒక పీరియడు చాలలేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసే రాశాను. మొదలు నేనే చేసిన తప్పు, ఇప్పుడు వీణ్ని పట్టించడం ఏం న్యాయం అని సర్దిచెప్పుకున్నాను. ‘ఎక్కువ తక్కువలు చెయ్యవద్దు’ అన్నావుగా, నాకూ అదే కావలసి వచ్చింది. మేనేజరు మెచ్చుకున్నాడని రాశావు. ఆ లైను చదివాక ఉత్తరాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోలేకపోయాను.

నిన్ను ఏమీ అడగను. అడిగే మొహం నాకు లేదు. చెప్పాలనిపిస్తే చెప్పు.

అక్క


రెండో వరస, చివరి గది
అక్టోబరు 2

అక్కా,

చెబుతాను.

ఆ రోజు ఫ్యాక్టరీ చూడటానికి పెద్దవాళ్లు వచ్చారు. తొమ్మిదిమంది, మెడల్లో కార్డులు. సరిగ్గా నా దగ్గర నిలబడ్డప్పుడే కాగితం ఇరుక్కుంది. మిషన్ ఆపాను. రేడియో అన్న లోపల చెయ్యి పెట్టాడు. సూపర్‌వైజర్ బోర్డు చూపించి, ‘మా దగ్గర ఆపరేటరు మూడుసార్లు కేక వేస్తేగానీ మిషన్ కదలదు సార్, చూడండి’ అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

స్పానర్ నా పక్కనే ఉంది. తీసుకుంటే రూలు తప్పుతున్నామని బయటపడుతుంది. తీసుకోలేదు. నోరు తెరిచాను. రాలేదు. మెడ బిగిసింది. తొమ్మిదిమందిలో ఒకావిడ మర్యాదగా తల దించుకుంది చూడు, అదే తట్టుకోలేకపోయాను అక్కా. ఎవరైనా నవ్వినా ఓర్చుకునేవాణ్ని. ఆ నిలబడటం ఎలాగైనా అయిపోతే చాలనిపించింది. నా వేలు వెళ్లి పచ్చ బటన్ నొక్కింది. వేలు నొక్కింది అంటున్నాను చూడు, ఇప్పటికీ. నేను నొక్కాను. నోట్లోంచి ఒక్క అక్షరం రాకుండా నేనే నొక్కాను.

ఆ చివరనుంచి అరుపు వినపడింది. పక్క మిషన్ల మోతలో అది కూడా ఆలస్యంగా వినపడింది.

నేను కేక వెయ్యలేదని ఎవరికీ తెలియదు. అంత మోతలో ఎవరు ఏమన్నారో ఎవరికి తెలుస్తుంది? నా నోరు తెరుచుకోవడం మాత్రం అందరూ చూశారు. ‘కేక వేశాడండీ, మేం చూశాం’ అని సాక్ష్యం కూడా చెప్పారు. జన్మలో మొదటిసారి నా నత్తి నాకు పనికొచ్చింది.

నువ్వు పంపిన మాటలన్నీ ఉన్నాయిగా. బిగిన్, సెట్ ఆఫ్, లాంచ్. ఏది అరిచినా ఆయన చెయ్యి తీసేసేవాడు. ఉత్త ‘ఓయ్’ అని అరిచినా చాలు. ఒక పిచ్చి కూత కూసినా ఆయన వేళ్లు ఉండేవి. ఆ తొమ్మిదిమంది ముందు పిచ్చివాణ్ని కాలేక ఊరుకున్నాను.

తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. ఆయన వచ్చి నన్నే క్షమించమంటుంటే టీ పెట్టాను. పంచదార ఎంత అని అడిగాను.

బడి సంగతి నాకు గుర్తే. నువ్వు నవ్వావని గుర్తే. అందుకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికే ఒకటి చాలు. కానీ దీన్ని దానిమీద తొయ్యకు. బళ్లో నిలబెట్టింది నువ్వు, బటన్ నొక్కింది నేను. నీ తప్పు నువ్వు మొయ్యి, నాది నాకు వదిలెయ్యి.

చిన్నోడు


బడి వెనక వీధి
అక్టోబరు 9

చిన్నోడా,

నీ మాట నాకు గట్టిగా తగిలింది. తగలవలసిందే.

దీనితో ఇంకో కాగితం పెట్టాను. జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో ఉంది. మొదటి వాంగ్మూలం అబద్ధమని, అబద్ధమని అనుమానం ఉండి కూడా దాన్ని ఇంగ్లీషులో పెట్టింది నేనని కింద నా సంతకం కూడా ఉంది. ఇరవయ్యో తారీకున ఇది వాళ్ల చేతికి ఇస్తే చాలు. నువ్వు నోరు విప్పే పని లేదు.

ఇయ్యమని చెప్పడం లేదు. ఉద్యోగం నీది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిల్లలకు వెయ్యిసార్లు చెప్పాను. తొక్కినవాడు ఏం చెయ్యాలో ఎవరికీ చెప్పలేదు, నాకూ తెలియదు.

రమ్మంటే వస్తాను. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

అక్క


రెండో వరస, చివరి గది
అక్టోబరు 21

అక్కా,

నీ కాగితం తిప్పి పంపుతున్నాను, వాడలేదు. కోపంతో కాదు.

నిన్న విచారణకి జేబులో పెట్టుకునే వెళ్లాను. ఆఫీసు గదిలో పొడుగు బల్ల, అవతల మేనేజరు, సూపర్‌వైజర్, బయటినుంచి వచ్చిన అధికారి. ఇవతల గోడవార కుర్చీలో రేడియో అన్న. కట్టు తీసేశారు. ఆ చేతిని రెండో చేత్తో మూసుకుని కూర్చున్నాడు. అధికారి నా పాత వాంగ్మూలం చదివి, ‘ఇందులో మార్చేదేమైనా ఉందా?’ అన్నాడు. మామూలుగా అడిగే ప్రశ్నే. లేదంటే సంతకం పెట్టి పోవచ్చు.

జేబులో చెయ్యి పెట్టాను. కాగితం వేళ్లకు తగిలింది. ఇస్తే వాళ్లు చదువుకుంటారు, నేను తల దించుకుని నిలబడతాను, అయిపోతుంది. అయిపోతే చాలనుకునేగా ఆ రోజూ బటన్ నొక్కింది. చెయ్యి బయటికి తీసేశాను, ఖాళీగా.

‘ఉంది’ అన్నాను. ‘నేను ఆ రోజు’ అన్నాను. ఆ తర్వాత చెప్పవలసింది ఆ మాటే. పక్క మాట వెతకలేదక్కా. ఎదురుగా గోడమీద గడియారం ఉంది. మెడ బిగిసింది, కళ్లలో నీళ్లొచ్చాయి, చొంగ కూడా కారింది. సూపర్‌వైజర్ కిటికీలోంచి బయటికి చూశాడు. పెద్ద ముల్లు ఒక గీత దాటింది, ఇంకో గీత దాటింది. అధికారికి జాలేసినట్టుంది, పాపం మంచివాడే, ‘స్టార్ట్ అని కేక వేశానంటావు, అంతేగా? ఇందులో ఉన్నదే’ అని రాసుకోబోయాడు.

నేను తల అడ్డంగా ఊపేలోపు రేడియో అన్న లేచాడు. ఆ చెయ్యి ఎత్తాడు, మూడు వేళ్ల చెయ్యి. ‘ఆగండి సార్. వాడి మాట వాణ్ని చెప్పుకోనివ్వండి’ అన్నాడు.

ఎప్పటిలాగే నా మాట కోసం ఆగాడు. అది తనకే తగులుతుందని తెలియక ఆగాడు.

వచ్చింది. ‘స్టార్ట్ అని అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. స్పానర్‌తో కొట్టనూ లేదు. పెద్దవాళ్ల ముందు నామోషీ అయి, ఊరికే నొక్కేశాను. ఆయన చెవి మంచిదే’ అన్నాను. ఇంత చెప్పడానికి ఎంతసేపు పట్టిందో అడగకు. తర్వాత స్పానర్ ఏర్పాటు గురించి, బోర్డు గురించి, గంట గురించి అన్నీ అడిగారు, అన్నీ చెప్పాను. ఇంగ్లీషులో రాసిచ్చిందెవరని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని.

అధికారి అక్కడే చెవుడు గురించి ఉన్న పేజీ మొత్తం కొట్టేసి సంతకం పెట్టాడు. రేడియో అన్నను స్టోర్సులో కూర్చోబెడతారట. క్వార్టరు ఖాళీ చెయ్యక్కర్లేదు. గంట ఈ వారమే పెడతారట. నన్ను నిర్ణయం వచ్చేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఉద్యోగం ఉండదనే అనుకుంటున్నాను. పోలీసు కేసు కూడా కావచ్చన్నాడు మేనేజరు. కానియ్యి.

బయటికొచ్చాక రేడియో అన్న వెనకే వెళ్లాను. ‘అన్నా’ అన్నాను. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అంటాడని చూశాను. ఏమీ అనలేదు. గేటుదాకా అనలేదు, బస్టాపులో అనలేదు. పదకొండేళ్లలో ఆయన నోరు మూసుకుని నడవడం ఫ్యాక్టరీలో ఎవరూ చూసి ఉండరు. గేటు కాపలావాడు కూడా వింతగా చూశాడు. వేళ్లు పోయిన రోజు కూడా ఆస్పత్రి బండిలో డ్రైవర్‌తో మాట్లాడుతూనే వెళ్లాడు ఆ మనిషి.

ఒకే బస్సు. ఆయన ముందు కూర్చున్నాడు. నేను రెండు సీట్లు వెనక కూర్చున్నాను. కండక్టర్ వచ్చి ‘ఎక్కడికి?’ అన్నాడు. అలవాటుగా తర్వాతి స్టాపు పేరు నోటి చివరికి వచ్చేసింది. మింగేశాను. మా స్టాపు పేరే మొదలుపెట్టాను. మొదటి అక్షరం దగ్గరే ఆగాను. కండక్టర్ని వెనకనుంచి జనం తోస్తున్నారు. కండక్టర్ ‘చెప్పవయ్యా’ అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ ఆగాను. మూడోసారికి వచ్చింది, బస్సంతా వినపడేలా వచ్చింది.

రేడియో అన్న వెనక్కి తిరగలేదు. స్టాపులో ముందే దిగి వెళ్లిపోయాడు. కానీ నేను చెప్పింది విన్నాడు. ఆయన చెవులకు ఏ లోపమూ లేదు, అక్కా.

నీ
చిన్నోడు